తమ్మీ, నీ రెస్క్యూ కథ గురించి

హనుమకొండ

తమ్మీ,

కథ అందింది. యాస బాగా పట్టుకున్నావు. కానీ చివరి రెండు పేజీలు చదివాక కోపమొచ్చింది, అందుకే ఈ రాత్రే రాస్తున్నా.

సింగరేణి నుంచి శ్రీశైలం ఎడమగట్టు కాలువ, అదే ఎస్‌ఎల్‌బీసీ సొరంగానికి వెళ్లిన నీ రెస్క్యూ కార్మికుడు దుమ్ములో పనిచేసి, ఇంటికొచ్చిన రాత్రే రక్తం కక్కుకుని పోతాడు. 2025 ఫిబ్రవరి 22న అక్కడ పైకప్పు కూలినప్పుడు ఎనిమిది మంది చిక్కుకున్నారు. వాళ్ల కోసం వెళ్లినవాళ్లు రోజుల తరబడి బురదతో, నీళ్లతో కొట్లాడారు, టీవీలో అందరం చూశాం. నీకు అంత దుమ్ము ఎక్కడ దొరికింది?

సరే, దుమ్మే అనుకుందాం. దగ్గు మర్నాడే మొదలవ్వొచ్చు, చావు అట్లా రాదు. కంటికి కనబడే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగుతుంది. ఐదు మైక్రాన్ల కంటే సన్నటి రాతి దుమ్ము ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. దాన్ని మింగిన కణాలు చచ్చిపోతాయి, ఆ చోట మచ్చ కట్టి గట్టిపడుతుంది. విపరీతంగా పీలిస్తే నెలల్లో ముదరొచ్చు, మామూలుగా అయితే ఏళ్లు పడుతుంది. ఆ మచ్చను పోగొట్టే మందు లేదు. ఇంకోటి, నీ హీరో ముక్కుకు దస్తీ కట్టుకుని ధైర్యంగా దిగుతాడు. సన్న దుమ్ము దస్తీకి ఆగదు. గ్యాస్ ఉన్నచోటికి రెస్క్యూవాళ్లు వీపున ఆక్సిజన్ సెట్టుతో దిగుతారు, బీజీ-4 అనే రకం సెట్టు అయితే నాలుగు గంటలు నడుస్తుంది. ఇవి తెలుసుకోకుండా రాస్తే గోదావరిఖనిలో ఒక్కరూ నీ కథ నమ్మరు.

2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. ఆ శిథిలాల దగ్గర పనిచేసి, తర్వాత జబ్బులతో పోయిన ఫైర్ సిబ్బంది లెక్క 2023లో అదే 343కి చేరింది. కథంటే ఆ మధ్య ఇరవై రెండేళ్లు. ప్రమాదం రోజు సంగతి రాయడానికి పేపరోళ్లున్నారు. సన్మానం అయిపోయి శాలువా బీరువాలోకి పోయాక ఆ ఇంట్లో ఏం జరిగిందో మనం తప్ప ఎవరు రాస్తారు?

మా పెదనాన్న ఆ ఖనిలోనే బొగ్గుబాయి పని చేశాడు. రిటైరయ్యాక సైకిల్ ఎక్కడం మానేశాడు, ఆనుకోవడానికి మాత్రం దాన్ని పట్టుకునే బజారుకు పోయేవాడు. అంగీ గుండీలు పెట్టుకునేలోపు రెండుసార్లు ఆగేవాడు. రాత్రి గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్ర. అంతకుముందు టీబీ అని నెలల తరబడి మందులు మింగించారు.

ఇదంతా కథగా రాసి ఓ ఆదివారం సంచికకు పంపితే, ఎడిటర్ ఏం రాశాడో తెలుసా? "ఇందులో ఏమీ జరగలేదు, చివర్లో బాయి పైకప్పు కూలిస్తే వేసుకుంటాం" అన్నాడు. నేను కూల్చలేదు. కథ చాలాకాలం ట్రంకు పెట్టెలో పడుంది, తర్వాత ఓ చిన్న పత్రిక వేసింది. ఇవాళ పోటీలవాళ్లూ అదే అడుగుతున్నారు, చివర్లో షాక్ ఉండాలట. ఆ టెన్షన్ పెట్టుకోకు. ఊపిరి అందని మనిషి మేడమీదికి ఎక్కడమే చాలు, పాఠకుడు కదలకుండా చదువుతాడు.

గనుల్లో కనీసం ఐదేళ్లకోసారి వైద్య పరీక్ష చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. నీ కథలో ఆ ఫిల్మ్ ఏది? దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, ఏమీ అర్థం కాక, కొడుకు చేతికిచ్చే భార్య ఏది? ఆమెకు రెండే డైలాగులు ఇచ్చావు, రెండూ ఏడుపే.

ఖనికి పో. రిటైరైన రెస్క్యూవాళ్లతో సాయంత్రం నడువు, ఎక్కడెక్కడ ఆగుతున్నారో చూడు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే తొందరపెట్టకు. ఆ చివరి రెండు పేజీలు తీసేసి, మళ్లీ రాసి పంపు. నీకు ఏ కలం పేరు పెట్టుకోవాలన్న సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ అన్న