చుక్కల మందు వేసే ముందు

చిరంజీవి శైలజకు, మామయ్య ఆశీస్సులు.

ప్లస్ పవర్ అద్దాలు వాడే నలభై దాటినవారికి మీ మండలంలో కంటి కోణం (కంటిలోని నీరు బయటికి పోయే మూల) పరీక్షలు చేయాలని నువ్వు తలపెట్టినట్టు మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంగా అనిపించింది, వెంటనే బెంగా పట్టుకుంది. చూపు నరాన్ని దెబ్బతీసే గ్లకోమా అంటే కంటిలో ప్రెషర్ అనీ, అది బాగుంటే భయం లేదనీ మనవాళ్లలో చాలామంది నమ్ముతారు; కోణం ఇరుకైన కంటిలో కూడా ప్రెషర్ చాలాకాలం మామూలుగానే ఉండవచ్చు.

హైదరాబాదులో జరిపి 2000లో ప్రచురించిన సర్వేలో నలభై దాటినవారిలో నూటికి సుమారు ఒకరికి కోణం మూసుకుపోయే గ్లకోమా కనబడింది. ఆ సంగతి వారిలో మూడింట ఒక వంతు మందికే ముందు తెలుసు. ప్లస్ పవర్ కన్ను పొట్టిది, దాని ముందు గది (కార్నియా అనే పారదర్శక పొరకూ, ఐరిస్ అనే రంగు పొరకూ మధ్య చోటు) లోతు తక్కువ. వయసుతో లెన్సు మందమయ్యేకొద్దీ ఐరిస్ ముందుకు జరిగి, నీరు బయటికి పోయే దారి ఇరుకవుతుంది. అందుకే వారిని ముందు వెతకడం సబబే. అయితే చత్వారం అద్దాలు చూసి పేరు రాసుకోకు, దూరపు చూపుకు ప్లస్ ఎంతో చూడు. శుక్లం ముదిరితే ఆ ప్లస్ తగ్గి కనిపిస్తుంది కనుక పాత అద్దాలు కూడా తెమ్మను.

ఇక అసలు సంగతి. చాలా ఏళ్ల కిందట ఒక శిబిరంలో నేను చీటీలు రాస్తుండగా, నిర్వాహకులు సమయం కలిసొస్తుందని వచ్చినవారికి వచ్చినట్టే కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించారు. కోణం ఇరుకైతే ఆ చుక్కలతో అది పూర్తిగా మూసుకుపోవచ్చు. టార్చి వేసి కోణం చూసినవారే లేరు. వరుసలో యాభై దాటిన ఒకావిడ ఉంది, మందపాటి అద్దాల వెనక ఆమె కళ్లు ఉన్నదానికంటే పెద్దవిగా కనిపించేవి. ఆ రాత్రి తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంట్లోవాళ్లు గ్యాస్ అనుకున్నారు, ఊళ్లోని ఆర్.ఎం.పి. వాంతులకు ఇంజెక్షన్ ఇచ్చాడు. మూడో రోజు ఆమెను తీసుకొచ్చేసరికి నల్లగుడ్డు మసకబారి ఉంది, పాప సగం విప్పారి వెలుతురుకు కదలడం లేదు, రెప్ప మీద వేలు పెడితే కన్ను గోళీలా గట్టిగా తగిలింది. మందులతో, ఐరిస్‌లో చిన్న రంధ్రం చేసే లేజరుతో ప్రెషర్ దిగింది కానీ ఆ కంటికి చూపు రాలేదు. రెండో కంటికి లేజరు చేయించి దాన్ని మాత్రం దక్కించారు. చుక్కల వల్ల అలా జరగడం అరుదేనని పుస్తకాలు చెబుతాయి, అది నిజమే; ఆవిడ కొడుకుతో ఆ మాట చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

కనుక చుక్కల సీసా నీ దగ్గరే ఉంచుకో. ముందు చెవి వైపు నుంచి టార్చి వేసి, ముక్కు వైపు ఐరిస్ మీద నీడ పడుతుందేమో చూడు. ఆపైన స్లిట్ ల్యాంపులో (సన్నటి వెలుగుతో కన్ను చూసే సూక్ష్మదర్శినిలో) అంచు దగ్గర గది లోతు కార్నియా మందంలో నాలుగో వంతుకు మించకపోతే అనుమానించి, లెన్సు పెట్టి కోణాన్ని చూసే గోనియోస్కోపీకి పంపు. ఆ పరీక్ష చీకటి గదిలోనే జరగాలి. పాప మీద వెలుతురు పడితే అది చిన్నదై, ఇరుకు కోణం కూడా విశాలంగా కనిపిస్తుంది. కిటికీకి దుప్పటి కట్టడానికి బద్ధకించావని తెలిస్తే ఊరుకోను! నీ చేయి సున్నితమైనదని, ముసలివాళ్లు నీ ముందు బెదరకుండా కూర్చుంటారని నాకు తెలుసు. తొందర ఒక్కటే నీ శత్రువు.

కోణం ఇరుకని చెప్పగానే అందరికీ లేజరు అనవద్దు. చైనాలోని గ్వాంగ్‌జౌ పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయి; లేజరు చేయించని కళ్లలో కూడా చాలావాటికి ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. ఆ నిర్ణయం డాక్టరుగారిది. దీపం చుట్టూ రంగుల వలయాలు, కన్ను ఎర్రబడి నొప్పి, వాంతులు వస్తే అదే రోజు పరుగున రావాలని మాత్రం చీటీ మీద రాసివ్వు. కోణం ఇరుకైనవారి అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా పిలిపించు. లేజరు ఉన్న ఆసుపత్రితో శిబిరానికి ముందే మాట్లాడి పెట్టుకో.

మీ అమ్మకు చిన్నప్పటి నుంచీ దూరపు చూపుకు ప్లస్సే, డాక్టరు దగ్గరికి రమ్మంటే ఎప్పుడూ ఏదో పని చెబుతుంది. మొదటి చీటీ ఆమె పేరున రాయి.

నీ మేనమామ