హాస్పిటల్ మేనేజ్‌మెంటా, నర్సింగా: ముందు పెద్ద ఆసుపత్రి ఎలా నడుస్తుందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ తర్వాత రెండేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకుంది. ఎంబీబీఎస్ సీటుకు సరిపడే ర్యాంకు రాలేదు. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో బీబీఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చేయిస్తే అపోలో లాంటి పెద్ద ఆసుపత్రిలో అడ్మినిస్ట్రేటర్‌గా స్థిరపడుతుందని బంధువులు చెబుతున్నారు. అమ్మాయి మాత్రం బీఎస్సీ నర్సింగ్ గానీ, అనస్థీషియా టెక్నాలజీ గానీ చేస్తానంటోంది. ఇంట్లో ఎవరికీ అది ఇష్టం లేదు. అలాంటి ఆసుపత్రుల్లో ఎవరి స్థానం ఎక్కడ ఉంటుందో, ఈ కోర్సుల్లో ఏది మంచిదో పోల్చి చెప్పగలరు.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: మెడికల్ సీటు రాని ఇళ్ల నుంచి ప్రతి సంవత్సరం ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. కోర్సుల పేర్లు మారినా దాని వెనుక ఉన్న బెంగ మారదు. ఇన్నాళ్లూ డాక్టరవుతుందని చెప్పుకున్న అమ్మాయి గురించి ఇప్పుడు బంధువులకు ఏమని చెప్పాలన్నదే ఆ బెంగ. అది సహజమైనదే, అందుకు మిమ్మల్ని తప్పుపట్టను. అయితే ఆ బెంగతోనే కోర్సును ఎంపిక చేస్తే దాని ఫలితాన్ని అనుభవించవలసింది మీరు కాదు, మీ అమ్మాయి. అందుకే మీరు అడిగిన రెండు విషయాల్లో మొదటిదానికి, అంటే పెద్ద ఆసుపత్రిలో ఎవరి స్థానం ఎక్కడన్న దానికి, ముందుగా వివరంగా జవాబు చెబుతాను.

మీరే పేరెత్తారు కనుక అపోలోనే ఉదాహరణగా తీసుకుందాం. చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన హృద్రోగ నిపుణుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి అమెరికా నుంచి తిరిగివచ్చి, 1983లో చెన్నైలోని గ్రీమ్స్ రోడ్డులో 150 పడకలతో ఈ సంస్థను ప్రారంభించారు. 1988లో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌కు విస్తరించారు. ఈనాడు సంస్థకు దేశవ్యాప్తంగా 10,000కు పైగా పడకలు, 6,000కు పైగా మందుల దుకాణాలు ఉన్నాయి. ఆసుపత్రులు ఒక విభాగంగా, క్లినిక్కులు, డయాగ్నస్టిక్ కేంద్రాలు, ప్రసూతి ఆసుపత్రులు మరొక విభాగంగా, మందుల పంపిణీ, ఆన్‌లైన్ సేవలు ఇంకొక విభాగంగా సంస్థ నడుస్తోంది. ఇది షేర్ మార్కెట్‌లో నమోదైన కంపెనీ కాబట్టి అన్నిటికీ పైన డైరెక్టర్ల బోర్డు ఉంటుంది. వ్యవస్థాపకుడి నలుగురు కుమార్తెలూ సంస్థ నాయకత్వంలో ఉన్నారు. ఇంత విస్తృతమైన సంస్థలో కొనుగోళ్లు, ఆర్థిక వ్యవహారాలు, సాఫ్ట్‌వేర్, మార్కెటింగ్ వంటి ఉద్యోగాలు వేలల్లో ఉంటాయన్న మాట నిజమే. అయితే వాటిలో చాలా వాటికి తీసుకునేది చార్టర్డ్ అకౌంటెంట్లను, ఇంజనీర్లను, పేరున్న సంస్థల్లో ఎంబీఏ చేసినవారిని.

ఇక ఒక ఆసుపత్రి లోపలికి వద్దాం. అపోలో అయినా, అంతటి మరో ప్రైవేటు ఆసుపత్రి అయినా, హోదాల పేర్లలో తేడాలున్నా లోపలి అమరిక దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. యూనిట్ అధిపతి కింద మూడు వరుసలు సాగుతాయి. మొదటిది వైద్యుల వరుస, దానికి మెడికల్ సూపరింటెండెంటు లేదా వైద్య సేవల డైరెక్టరు పెద్ద. రెండవది నర్సుల వరుస, దానికి నర్సింగ్ సూపరింటెండెంటు పెద్ద. ఆసుపత్రి ఉద్యోగుల్లో అతిపెద్ద వర్గం సాధారణంగా వీరిదే. మూడవది ఆపరేషన్స్. ఫ్రంట్ ఆఫీసు, బిల్లింగ్, టీపీఏ డెస్కు (రోగుల బీమా క్లెయిములు చూసే కౌంటరు), హౌస్ కీపింగ్, క్యాంటీన్, సెక్యూరిటీ, మెడికల్ రికార్డులు, అంబులెన్సులు దీని కిందికి వస్తాయి. ల్యాబు, రేడియాలజీ, ఫార్మసీ, పరికరాలను స్టెరిలైజ్ చేసే విభాగం, బయోమెడికల్ ఇంజనీరింగ్ వంటివి ఈ మూడింటి మధ్య తమ తమ నిపుణుల ఆధ్వర్యంలో నడుస్తాయి. మొదటి వరుసలో పైకి వెళ్లాలంటే వైద్యుడై ఉండాలి, రెండవ వరుసలో నర్సై ఉండాలి. బీబీఏ చేసిన మీ అమ్మాయికి ఈ రెండు వరుసలూ మొదటి రోజు నుంచే మూసుకుపోతాయి. మిగిలిన మూడవ వరుసలోకి బీకాం చేసినవారూ, బీఎస్సీ చేసినవారూ, హోటల్ మేనేజ్‌మెంట్ చేసినవారూ వస్తూనే ఉంటారు.

అడ్మినిస్ట్రేటర్ చేతిలో డాక్టర్లు ఉంటారని చాలామంది అనుకుంటారు, ఆ నమ్మకం కూడా సరైనది కాదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో పేరున్న కన్సల్టెంట్లలో ఎక్కువమంది నెలజీతం తీసుకునే ఉద్యోగులు కారు. వారు చూసిన రోగులను బట్టి, చేసిన ఆపరేషన్లను బట్టి ఫీజు తీసుకుంటారు, రోగులు కూడా చాలావరకు వారి పేరు విని వస్తారు. జీతం మీద పనిచేసేది ఎక్కువగా డ్యూటీ డాక్టర్లు, వారు జవాబు చెప్పేది వైద్య విభాగానికి. ఆపరేషన్స్ మేనేజరు కన్సల్టెంటును ఆదేశించలేరు, నచ్చజెప్పి పని జరిపించుకోవాలి. నచ్చజెప్పగలగాలంటే ఎదుటివారి పని ఏమిటో తెలిసి ఉండాలి.

డిశ్చార్జ్ రోజు జరిగే తతంగాన్ని ఒకసారి గమనించండి, ఆసుపత్రి నిర్మాణమంతా అందులోనే కనిపిస్తుంది. ఉదయం రౌండ్స్‌లో కన్సల్టెంటు ఇంటికి పంపవచ్చని చెబుతారు. డ్యూటీ డాక్టరు డిశ్చార్జ్ సమ్మరీ సిద్ధం చేస్తారు, వార్డు నర్సు వాడని మందులను ఫార్మసీకి తిప్పి పంపుతుంది, ఆ లెక్కలు సరిపోయిన తర్వాత బిల్లింగ్ వారు తుది బిల్లు వేస్తారు. క్యాష్‌లెస్ బీమా ఉంటే బిల్లూ, సమ్మరీ టీపీఏ డెస్కు ద్వారా బీమా సంస్థకు వెళతాయి. ఆసుపత్రి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. అయినా సమ్మరీలో ఒక వాక్యం తప్పినా, ఒక పరీక్ష రిపోర్టు జత కాకపోయినా సందేహాలు తిరిగి వస్తాయి, సాయంత్రం అవుతుంది. ఈలోగా బ్యాగులు సర్దుకుని కూర్చున్న కుటుంబం ఎవరిని నిలదీస్తుంది? డాక్టరును కాదు, ఫ్లోర్ కోఆర్డినేటరును. బీబీఏ హాస్పిటల్ మేనేజ్‌మెంట్ చదివి కొత్తగా చేరిన పిల్లలకు ఎక్కువగా దొరికేది ఆ కుర్చీయే, లేదంటే ఫ్రంట్ ఆఫీసులోనో, టీపీఏ డెస్కులోనో అలాంటిదే మరొకటి. ఆ పని చిన్నదని నేను అనడం లేదు. ఓపికగా, నిజాయితీగా చేసేవారి వల్లే రోగుల కుటుంబాలకు ఊరట దొరుకుతుంది. కానీ కాలేజీ బ్రోచర్లలో అడ్మినిస్ట్రేటర్ అని వర్ణించే ఉద్యోగానికీ, దీనికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం గురించి అడ్మిషన్ కౌంటరులో ఎవరూ చెప్పరు.

ఈ బీబీఏ కోర్సు మీద నాకున్న అనుమానాలను దాచుకోను. అనుబంధంగా ఆసుపత్రి లేని కాలేజీలో ఆసుపత్రి నిర్వహణ నేర్పడం సాధ్యమని నేను నమ్మను. ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ సమావేశంలో ఏమి చర్చిస్తారో, ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీహెచ్ తనిఖీకి ముందు వార్డులో ఏయే రికార్డులు సరిచూస్తారో, ఐసీయూలో పడక ఖాళీ కావడం ఎందుకు ఆలస్యమవుతుందో తరగతి గదిలో స్లైడ్లు చూసి ఎవరికీ తెలియదు. పైగా నర్సింగ్‌కు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఉన్నట్టుగా హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌కు చట్టబద్ధమైన కౌన్సిల్ గానీ, రిజిస్ట్రేషన్ గానీ లేవు. అందువల్ల ఆ డిగ్రీ విలువ పూర్తిగా కాలేజీ పేరు మీద, అది చేయించే ఇంటర్న్‌షిప్ మీద ఆధారపడుతుంది. పీజీ స్థాయిలో ఇదే చదువుకు గౌరవం ఉంది. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో, మన హైదరాబాద్‌లో నిమ్స్‌లో, జూబ్లీహిల్స్‌లోని అపోలో విద్యాసంస్థలోనే హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో పీజీ ఉంది. ఇలాంటి పీజీ కోర్సుల్లో చాలావాటికి బీబీఏయే చదివి ఉండాలన్న షరతు లేదు. మూడేళ్లు ఆ కోర్సుకే కేటాయించవలసిన అవసరం ఏమిటన్నది నా ప్రశ్న.

మరో మాట కూడా కొంచెం గట్టిగానే చెప్పాలి. మీ అమ్మాయి తనంతట తానుగా నర్సింగ్ చేస్తానని అంటోంది. రెండేళ్లు గదిలో కూర్చుని చదివి, ఫలితం దక్కని పిల్ల, మళ్లీ ఆసుపత్రినే కోరుకుంటోంది. ఆ స్థైర్యాన్ని గుర్తించి సంతోషించవలసిన ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదని ఎలా రాశారు? మీ ఇంట్లో పెద్దవారు ఐసీయూలో ఉన్నప్పుడు రాత్రి రెండు గంటలకు వారి పక్కన ఉండేది నర్సే. వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోగికీ ఒక నర్సు ఉండాలని ప్రమాణాలు చెప్పేది ఆ పని విలువ తెలిసే. అప్పుడు ఆ నర్సుకు చేతులు జోడించే మనమే, మన పిల్ల అదే పని చేస్తానంటే తల దించుకోవడం అన్యాయం. కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2016 నుంచి స్టాఫ్ నర్సు హోదాను నర్సింగ్ ఆఫీసర్ అని మార్చారు. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో ఆ హోదాతోనే నియామకాలు జరుగుతున్నాయి. జర్మనీకి నర్సులను పంపడానికి తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాషా శిక్షణ కూడా ఇస్తోంది. బంధువులకు చెప్పుకోవడానికి ఇవి చాలకపోతే, ఆ లోపం చదువులో లేదు.

మీరు కోరిన పోలికను క్లుప్తంగా చెబుతాను. నర్సింగ్‌లో నాలుగేళ్ల డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఏ ఊళ్లోనైనా, ఏ దేశంలోనైనా అవసరమయ్యే పని లభిస్తాయి. బదులుగా రాత్రి డ్యూటీలు, శారీరక శ్రమ, మొదటి సంవత్సరాల్లో ప్రైవేటు ఆసుపత్రుల్లో తక్కువ జీతం భరించాలి. అనస్థీషియా టెక్నాలజీ, అంటే మత్తు డాక్టరుకు యంత్రాల దగ్గర సాయపడే పని, ఆపరేషన్ థియేటరుకు, ఐసీయూకు పరిమితమైన నైపుణ్యం. యంత్రాలంటే ఆసక్తి, ఒత్తిడిలో చేయి వణకని స్వభావం ఉన్న పిల్లలు దానిలో రాణిస్తారు. 2021లో వచ్చిన జాతీయ అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ఈ వృత్తికి గుర్తింపు ఇచ్చింది. అయితే దాని అమలు అన్ని రాష్ట్రాల్లో ఒకే వేగంతో సాగడం లేదు కాబట్టి, నేటికి ఉద్యోగ అవకాశాల విస్తృతిలో నర్సింగే ముందుంది. వార్డుల్లో కొన్నేళ్లు పనిచేసిన నర్సు ఇన్ఫెక్షన్ కంట్రోల్‌కు, క్వాలిటీ విభాగానికి, నర్సింగ్ పరిపాలనకు మారవచ్చు, హాస్పిటల్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేసి ఆపరేషన్స్‌లోకీ వెళ్లవచ్చు. మీరు కోరుకుంటున్న అడ్మినిస్ట్రేటర్ కుర్చీకి మీ అమ్మాయి చెబుతున్న దారి నుంచే బలంగా చేరుకోవచ్చన్నమాట. బీబీఏ నుంచి నర్సింగ్ వరుసలోకి మాత్రం తిరిగి రాలేరు, రావాలంటే మళ్లీ మొదటి సంవత్సరం నుంచి చదవాలి.

ఆమె రెండేళ్లు వృథా అయ్యాయని కూడా ఇంట్లో ఎవరూ అనకండి. ఆమె చదివిన శరీర నిర్మాణం, జీవ రసాయనం, ఫిజిక్స్ నర్సింగ్ మొదటి సంవత్సరంలో అక్కరకు వస్తాయి, తోటి విద్యార్థులు తడబడే చోట ఆమె నిలదొక్కుకుంటుంది. ఇరవై ఏళ్లకు చదువు మొదలుపెట్టిన అమ్మాయి ఇరవై నాలుగేళ్లకు సొంత సంపాదనతో నిలబడుతుంది. దీన్ని ఆలస్యమని ఏ ఆసుపత్రీ అనుకోదు. ఎంబీబీఎస్ సీటు రాకపోవడం మీ కుటుంబానికి నిజంగానే బాధ కలిగించి ఉంటుంది, దానికి కొంత సమయం ఇవ్వండి. కానీ ఆ బాధను తీర్చే బాధ్యతను ఆమె మీద పెట్టకండి.

బీబీఏ కాలేజీకి అడ్వాన్సు ఇంకా కట్టకపోతే కట్టవద్దు. బదులుగా ఒంగోలు, గుంటూరు, నెల్లూరు పరిసరాల్లోని రెండు మూడు నర్సింగ్ కాలేజీలకు అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. అనుబంధ ఆసుపత్రిలో పడకలు ఎన్ని ఉన్నాయో, వాటిలో నిజంగా రోగులు ఉన్నారో లేదో మీ కళ్లతో చూడండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఈ సంవత్సరానికి చెల్లుబాటులో ఉన్నాయో అడిగి కాగితం చూపించమనండి. మూడవ సంవత్సరం విద్యార్థినులతో అమ్మాయిని ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరు పక్కన ఉంటే వారు నైట్ డ్యూటీల గురించి, హాస్టల్ గురించి ఉన్నదున్నట్టు చెప్పరు. ఆ మాటలు విన్న తర్వాత కూడా ఆమె నర్సింగే కావాలంటే కౌన్సెలింగ్‌లో ఆ ఆప్షన్లే పెట్టించండి. మనసు మార్చుకుని అనస్థీషియా టెక్నాలజీ అంటే, ఆపరేషన్లు ఎక్కువగా జరిగే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆ కోర్సు ఉన్న చోటనే చేర్పించండి.