కుళ్లని ఎరువు

ప్రశ్న: కెనడా ఉత్తరాది అడవుల్లో పీట్ (తడినేలలో పొరలుగా చేరే మొక్కల అవశేషాలు) పేరుకున్నచోట చెట్లు గిడసబారతాయట. కుళ్లిన ఆకూ అలమూ ఎరువే కదా?

జవాబు: చిక్కల్లా అది సరిగ్గా కుళ్లకపోవడమే. చలి, పైగా నీరు నిలిచి గాలాడదు. సూక్ష్మజీవుల పని మందగిస్తుంది, నత్రజని పీట్‌లోనే ఉండిపోతుంది. స్ఫాగ్నమ్ నాచు పెరిగేకొద్దీ నీటిమట్టమూ పైకొస్తుంది. ఇక వేళ్లకు ఆక్సిజన్ ఎక్కడిది?

కెనడాలోని క్యూబెక్, ఒంటారియోల బంకమట్టి ప్రాంతమైన క్లే బెల్ట్‌లో పెరిగే బ్లాక్ స్ప్రూస్ చెట్టు మాత్రం మొండిది. నాచు మొదలును కప్పేస్తుంటే కాండం నుంచే కొత్త వేళ్లు వేస్తుంది. నాకైతే ఆ చెట్టంటే గౌరవం. చేతికర్ర మందాన ఉన్నదానికీ వందేళ్లు ఉండొచ్చు!

కార్చిచ్చు పీట్‌ను లోతుగా కాల్చేస్తే తర్వాతి తరం చెట్లు ఏపుగా ఎదుగుతాయి. పైపైన కాలితే లాభం తక్కువ. ఫిన్లాండ్‌లో సగానికి పైగా పీట్ నేలల్లో కాలువలు తవ్వి నీరు తీశారు. కలప పెరిగింది. అయితే ఆరిన పీట్ కుళ్లుతూ కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది.