ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరకపోవడం, కుదురులేని అతిచురుకుదనం ఉండే సమస్య) మిథైల్‌ఫెనిడేట్ మంచిదా, అటామోక్సెటిన్ మంచిదా?

ఎక్కువమంది పిల్లలకి ఏకాగ్రత విషయంలో బాగా పనిచేసేది మిథైల్‌ఫెనిడేట్, ఇది స్టిమ్యులెంట్, అంటే మెదడుని ఉత్తేజపరిచే రకం మందు. వేసిన గంటలోపే తేడా తెలుస్తుంది, మామూలు మాత్రయితే సుమారు నాలుగు గంటలుండి దిగిపోతుంది. విజయనగరంలో మా అక్క కొడుకు ఇదే వాడాడు. క్లాసులో కుదురుగా కూర్చునేవాడు గానీ మధ్యాహ్నం బాక్సులో పులిహోర అలాగే తిరిగొచ్చేది, రాత్రి తొమ్మిదికి ఆకలని లేచేవాడు, దాంతో అక్క పొద్దున్నే మాత్రకి ముందు చోడి అంబలి, రెండు ఇడ్లీలు పెట్టడం మొదలెట్టింది. సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. బరువు, ఎత్తు, బీపీ చూపిస్తూ ఉండాలి. డాక్టరు చీటీ లేకుండా ఇది కొనకూడదు.

అటామోక్సెటిన్ స్టిమ్యులెంట్ కాదు, అలవాటు పడే భయం లేదు, రోజంతా పనిచేస్తుంది, కానీ పూర్తి ఫలితానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చాలామంది పది రోజులు చూసి "పనిచెయ్యలేదు" అని ఆపేస్తారు, దయచేసి అలా చెయ్యకండి. వికారం, మగత రావచ్చు. పిల్లాడు మరీ దిగులుగా ఉన్నా, చచ్చిపోవాలని మాట్లాడినా వెంటనే డాక్టరుకి చెప్పండి. టిక్స్ (తెలియకుండానే కళ్లు ఆర్పడం, ముఖం అదరడం లాంటివి), ఆందోళన ఉన్నవాళ్లకి, స్టిమ్యులెంట్ పడనివాళ్లకి దీన్ని ఎంచుకుంటుంటారు. గుండె జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉంటే ఏ మందుకైనా ముందే చెప్పాలి.