ఇంటిపేరుతో కలిస్తే నవ్వొచ్చే పేరు పాపకి పెట్టొచ్చా?

మీ ఇంటిపేరు నూనె, పాపకి దీపిక అని పెడదామంటే 'నూనె దీపికేంటి' అని అత్తగారింట్లో నవ్వుతున్నారు, మార్చాలా అని అడిగారు. మార్చకండి. నూనె ఉంటేనే కదండీ దీపం వెలిగేది. అసలు ఇబ్బందంటే ఏమిటో నన్నడగండి. మా ఇంటిపేరు పప్పు. మా అమ్మాయి పేరు చారుమతి.

గబగబా కలిపి చదవండి. అదీ సంగతి.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పాప రేవతి మూడో పాదంలో పుట్టింది. దే, దో, చా, చీ అని వేళ్ళ మీద లెక్కేసి, 'చా'తో మొదలయ్యే పేరు చూసుకోమన్నారు పంతులుగారు. మా అమ్మ చాముండేశ్వరి అంది. మా ఆవిడ మొహం మాడ్చుకుంది. చివరికి వరలక్ష్మీ వ్రతకథలోని చారుమతి గుర్తొచ్చింది. అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కమాట మీదకి రావడం మా ఇంట్లో అదే మొదలు. ఆ సంబరంలో ఇంటిపేరు సంగతి ఎవరికీ తట్టలేదు.

బారసాల నాడు పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరం తీసి నా చేతికిచ్చారు. ఇంటిపేరుతో సహా రాద్దామని నాకెందుకు బుద్ధి పుట్టిందో! పళ్ళెం చిన్నది. 'పప్పు చారు' వరకు రాసేసరికి అంచు వచ్చేసింది. 'మతి' కింద రాద్దామని బియ్యం సర్దుతున్నాను. ఈలోగా మా బాబాయి నా భుజం మీంచి తొంగి చూసి, "ఏరా, భోజనాల జాబితా ఇక్కడ రాస్తున్నావేంటి? అప్పడాలు కూడా రాసెయ్" అన్నాడు.

మా అక్కయ్య ఉయ్యాల తాడు వదిలేసి మరీ నవ్వింది. పంతులుగారు మంత్రం మధ్యలో దగ్గారు. ఆయన నవ్వాపుకుంటున్నారని అందరికీ తెలుస్తూనే ఉంది. మా ఆవిడ మాత్రం నావైపు చూసిన చూపుంది చూశారూ, పందొమ్మిదేళ్ళయినా నాకు గుర్తే. పైగా ఆ రోజు విస్తట్లో పప్పుచారే.

ఇక్కడో మాట చెప్పాలి. గోదావరి వాళ్ళ మర్యాద గురించి అందరూ గొప్పగా చెప్తారు గానీ, ఆ మర్యాదతో పాటు వెటకారం కూడా వడ్డిస్తారని చెప్పరు. బడిలో పిల్లలు ఓ వారం ఏడిపించి మర్చిపోయారు. చుట్టాలు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే నా లెక్కలో పేరు పెట్టేముందు చూడాల్సింది నక్షత్రం కాదు, మీ బాబాయి నోరు. కాగితం మీద రాసుకుంటే ఏమీ తెలీదు. ఇంటిపేరుతో కలిపి వీధిలోకి వినపడేలా నాలుగుసార్లు పిలిచి చూడండి.

తేల్చుకోలేకపోతే కంగారేం లేదు. పుట్టిన 21 రోజుల్లోపు పేరు లేకుండానే జననం నమోదు చేయించుకోవచ్చు. పేరు ఏడాదిలోపు ఎక్కించుకుంటే రుసుం కూడా ఉండదు. ఆ సంగతి తెలియక, నేను మర్నాడే పరిగెత్తుకెళ్ళి రాయించేశాను.

తర్వాత మార్పిద్దామంటే మా అమ్మ ఒప్పుకోలేదు. "ఎలాగూ పెళ్ళయితే ఇంటిపేరు మారిపోతుంది కదా" అని ఓదార్చినవాళ్ళు బోలెడుమంది. ఈ మాటంటే నాకు ఒళ్ళు మంట. పిల్లకి పెట్టిన పేరు బాగాలేదని ఎవడో పెళ్ళికొడుకు వచ్చి బాగుచేయాలా? ఇంగ్లీషు పద్ధతిలో ఇంటిపేరు వెనక్కి వెళ్తే సర్దుకుంటుంది అనుకున్నాను. 'చారుమతి పప్పు' అని వచ్చింది. చారు ముందొచ్చింది, పప్పు మతి పక్కన చేరింది.

ఇంతకీ దానికి ఏ బాధా లేదు. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చింది. మా బాబాయి గరిటె పట్టుకుని వరసగా వడ్డిస్తూ దీని విస్తరి దగ్గర కావాలనే ఆగి, "చారూ, చారు పొయ్యనా?" అన్నాడు.

"ఇంటిపేరుతో కలిపి పొయ్యి తాతయ్యా" అంది.