పాత వర్క్‌స్టేషన్ అమ్మే ముందు డిస్క్ సంగతి చూడండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది శ్రీకాకుళంలో ఫొటో స్టూడియో. 2019లో అప్పు చేసి పెద్ద వర్క్‌స్టేషన్ కంప్యూటర్ కొన్నాను, పెళ్లి వీడియోలన్నీ దానిమీదే. ఇప్పుడు మా వీధిలో ఓ కుర్రాడు మామూలు ల్యాప్‌టాప్‌లో నాకంటే ముందే ఎక్స్‌పోర్ట్ చేసేస్తున్నాడు. కొత్త చిప్‌లు పెద్ద వర్క్‌స్టేషన్లను ఎప్పటికి దాటుతాయి? అంతవరకు ఆగమంటారా? సాఫ్ట్‌వేర్లన్నీ ఉన్నవి ఉన్నట్టే ఇస్తే మంచి రేటుకు తీసుకుంటామని ఒకరు అడుగుతున్నారు. ఇచ్చేయనా?

జవాబు: మొదటి ప్రశ్న రాజాం నుంచి, బొబ్బిలి నుంచి, విజయనగరం గంటస్తంభం దగ్గరున్న డీటీపీ సెంటర్ నుంచి కూడా వచ్చింది. ఆగొద్దు. మీరు ఎదురుచూస్తున్న రోజు ఎప్పుడో వచ్చేసింది.

2020 నవంబరులో ఆపిల్ కంపెనీ నుంచి ఫ్యాన్ కూడా లేని ఒక పలుచని ల్యాప్‌టాప్ 8 కోర్ల (లెక్కలు చేసే భాగాల) చిప్‌తో వచ్చింది. ఒక్క కోర్ వేగం చూస్తే, అప్పటికి ఆపిల్ అమ్ముతున్న 28 కోర్ల ఖరీదైన వర్క్‌స్టేషన్‌ని అది దాటేసింది. కోర్లన్నీ కలిసి చేసే పనిలో మాత్రం వర్క్‌స్టేషన్‌దే పైచేయి. 2022 మార్చిలో ఆ పైచేయి కూడా పోయింది. అదే కంపెనీ 20 కోర్ల చిప్ తెచ్చి, తన 28 కోర్ల మెషీన్ కంటే ఇది 60 శాతం దాకా వేగమని తనే ప్రకటించింది.

మీ వీధి కుర్రాడు ముందుండటానికి ఇంకో కారణం ఉండొచ్చు. ఇప్పటి కెమెరాలు చాలావరకు హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో, రంగు వివరాలు ఎక్కువ ఉండే 10 బిట్ 4:2:2 రకంగా షూట్ చేయగలవు. ఆ ఫైలు విప్పడానికి కొత్త చిప్‌లలో వీడియో కోసమే ఒక విభాగం ఉంటుంది. 2019 నాటి వర్క్‌స్టేషన్ ప్రాసెసర్లలో సాధారణంగా అది ఉండదు. అప్పటి గ్రాఫిక్స్ కార్డులు కూడా 4:2:2 ఫైళ్లను విప్పలేవు. బరువంతా కోర్ల మీద పడి ఎడిటింగ్‌లో వీడియో ఆగి ఆగి నడుస్తుంది. ఎంత ర్యామ్ వేసినా ఇది తీరదు. వందల జీబీల ర్యామ్, రెండు మూడు గ్రాఫిక్స్ కార్డులు కావాల్సిన త్రీడీ పనివాళ్లకు పెద్ద వర్క్‌స్టేషన్ ఇప్పటికీ అవసరమే. పెళ్లి వీడియోలకు అక్కర్లేదు.

నాకు టెన్షన్ పెట్టింది మీ చివరి ప్రశ్న. రెండేళ్ల కిందట నేను ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొన్నాను. డిస్క్ ఖాళీగానే కనిపించింది. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే అరగంటలో ఆధార్ కాపీలు, పట్టాదారు పాస్‌పుస్తకాల స్కాన్లు, ఎవరి ఇంట్లోవో ఆడపిల్లల ఫొటోలు వరసగా పైకి వచ్చాయి. వెంటనే ఆపేసి డిస్క్ మొత్తం చెరిపేశాను. నా చేతిలో పడింది కాబట్టి సరిపోయింది. మీ డిస్క్‌లో ఆరేళ్ల పెళ్లిళ్లు ఉన్నాయి. ఆ కుటుంబాలు మిమ్మల్ని నమ్మి ఇంట్లోకి రానిచ్చాయి, ఆ మెషీన్ కొనేవాణ్ణి నమ్మి కాదు.

హార్డ్ డిస్క్‌లో డిలీట్ కొడితే పోయేది ఫైలు చిరునామా ఒక్కటే, సరుకు అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ కూడా అంతే. విండోస్‌లో రీసెట్ చేసి ‘అన్నీ తీసెయ్’ అంటే నిజంగా పోయాయనే ఎవరైనా అనుకుంటారు. కానీ డేటాను శుభ్రంగా చెరిపే ‘క్లీన్ డేటా’ మీట ఇంకో పేజీలో దాక్కుని ఉంటుంది, అదీ ముందే ఆఫ్‌లో! కొత్త రంగులు, కొత్త ఐకాన్లు ఇచ్చే అప్‌డేట్‌లకు కొదవ లేదు. ఈ ఒక్క మీటను ముందే ఆన్‌లో పెట్టి ఇవ్వడానికి ఏం అడ్డం?

డిస్క్‌తో సహా అమ్మేటట్టయితే ఇలా చేయండి. పాత హార్డ్ డిస్క్ అయితే క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి, గంటలు పట్టినా సరే. తిరిగే భాగాల్లేని కొత్త రకం డిస్క్ ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతి చాలదు. కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే బయోస్ సెట్టింగుల్లోనో, డిస్క్ కంపెనీ ఇచ్చే టూల్‌లోనో ‘సెక్యూర్ ఎరేజ్’ ఉంటుంది, అది వాడండి. ముందుగా ఆల్బమ్‌లు, వీడియోలు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.

ఇక ‘ఉన్నవి ఉన్నట్టే’ అడిగిన మనిషికి ఇవ్వనని చెప్పండి. అతనికి కావాల్సింది సాఫ్ట్‌వేర్లే కావచ్చు, కానీ అలా ఇస్తే మీ ఈమెయిల్ లాగిన్, బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు పాస్‌వర్డ్‌లు కూడా వెళ్లిపోతాయి. చెరపడం కంటే కూడా మేలు, డిస్క్‌లన్నీ తీసి మీ బీరువాలో పెట్టుకుని మిగతా మెషీన్ అమ్మండి. రేటు కాస్త తగ్గిస్తానంటే తగ్గించుకోనివ్వండి.