యుద్ధకాలంలో ప్రభుత్వ వైఫల్యాలపై తీసిన డాక్యుమెంటరీని విశాఖలో ప్రదర్శించడానికి సెన్సార్ సర్టిఫికెట్ అవసరమా?

అవసరమే, గురజాడ కళాక్షేత్రంలోనైనా, బీచ్ రోడ్డులో తెర కట్టి టికెట్ లేకుండానైనా, బహిరంగంగా చూపే డాక్యుమెంటరీకి సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ఈ విషయంలో కథాచిత్రానికీ డాక్యుమెంటరీకీ తేడా చూపలేదు.

అయితే ప్రభుత్వాన్ని విమర్శించిన చిత్రానికి సర్టిఫికెట్ రాదన్నది చాలామందిలో ఉన్న అపోహ. నిరాకరణకు గల కారణాలను ఆ చట్టంలోని 5బి సెక్షన్ పేర్కొంటుంది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, నైతికత, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేర ప్రేరేపణ. 1962 చైనా యుద్ధంలో మన సైనికులకు తగిన చలిదుస్తులు కూడా అందలేదని చూపడం పాలకులకు ఇబ్బందికరమే కావచ్చు గాని, పాలకుల ఇబ్బంది ఆ జాబితాలో లేదు. తూర్పు నౌకాదళ కేంద్రమైన నగరంలో ఈ తేడా మరీ స్పష్టంగా తెలిసి ఉండాలి: సైనిక రహస్యాన్ని బయటపెట్టడం వేరు, జరిగిన నిర్ణయాలను ప్రశ్నించడం వేరు.

అణుపరీక్షలనూ యుద్ధోన్మాదాన్నీ విమర్శిస్తూ ఆనంద్ పట్వర్ధన్ తీసిన ‘వార్ అండ్ పీస్’ ఇందుకు ఉదాహరణ. సెన్సార్ బోర్డు పలు కోతలు కోరినా, 2003లో బాంబే హైకోర్టు తీర్పుతో అది కోతలు లేకుండానే విడుదలకు నోచుకుంది.

తెలుగు డాక్యుమెంటరీకైతే బోర్డు హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయాన్ని ఆశ్రయించాలి. చలనచిత్రోత్సవాలకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మినహాయింపు ఇవ్వవచ్చు. ఓటీటీలో పెట్టే చిత్రానికి ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు. దానికి 2021 నాటి ఐటీ నియమాలు వర్తిస్తాయి.